హోమీ భాభా: వెలుగు లెక్కలు వేసిన విజ్ఞాని

మన పాఠశాల ప్లాటినం జూబ్లీ జరుపుకుంటున్న ఈ శుభవేళ, ఈ సంచికలో ఒక శాస్త్రవేత్త జీవితానికి చోటివ్వడం సముచితమే. డాక్టర్ హోమీ జహంగీర్ భాభా పేరు మన పిల్లలకు పాఠ్యపుస్తకాల ద్వారా తెలుసు. అణుశక్తి అనగానే ఆయన పేరు గుర్తుకు వస్తుంది. అయితే ఆయన జీవితమంతా ఒక ప్రశ్నకు సమాధానం వెతకడంలోనే గడిచిందని చాలామంది గమనించరు. కోట్లాది ప్రజలున్న ఈ దేశంలో ప్రతి ఇంటికీ దీపం, ప్రతి పరిశ్రమకూ శక్తి ఎక్కడి నుండి రావాలి? ఇది ఆనాటి ప్రశ్న మాత్రమే కాదు, నేటిది కూడా.

ఆ ప్రశ్న ముంబయి నగరంలో పుట్టడానికి కారణం ఉంది. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఇక్కడి నూలు మిల్లులు బొగ్గుతో నడిచేవి. ఆ బొగ్గు దేశం తూర్పు కొస నుండి రావాలి. ఖర్చు ఎక్కువ, పొగ మరీ ఎక్కువ. సహ్యాద్రి కొండలపై కురిసే వాన నీటిని చెరువులలో నిలిపి, సుమారు 500 మీటర్ల ఎత్తు నుండి గొట్టాల ద్వారా దించి విద్యుత్తు తీయాలని జంషెడ్జీ టాటా సంకల్పించారు. ఆయన 1904లో కన్నుమూసిన తరువాత కుమారుడు దొరాబ్జీ టాటా ఆ సంకల్పాన్ని నెరవేర్చారు. 1915లో ఖోపోలీ నుండి జలవిద్యుత్తు ముంబయి మిల్లులకు చేరింది. ఉపాధి కోసం తెలుగునేల విడిచి వచ్చిన మన పెద్దలలో ఎందరో ఆ మిల్లులలో మరమగ్గాల ముందు నిలబడి బ్రతుకు వెళ్లదీసినవారే. ఆ మగ్గాలను నడిపినది, లేకుంటే భీమానది మీదుగా కృష్ణలో కలిసి మన ఆంధ్రదేశం దాకా వెళ్లవలసిన నీరే కావడం ఒక విశేషం.

ఆ దొరాబ్జీ టాటా సతీమణి మెహర్‌బాయి మన కథానాయకుడికి స్వయానా మేనత్త.

హోమీ భాభా 1909 అక్టోబరు 30న ముంబయిలో ఒక పారసీ కుటుంబంలో జన్మించారు. తండ్రి జహంగీర్ హోర్ముస్‌జీ భాభా న్యాయవాది. తాతగారు మైసూరు సంస్థానంలో విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేసిన విద్యాధికుడు. ఇంట్లో పుస్తకాలకు, పాశ్చాత్య సంగీతానికి, చిత్రకళకు లోటు లేదు. కెథెడ్రల్ పాఠశాలలో చదువుతున్న రోజులలో బాలుడు హోమీ తరచుగా మేనత్త ఇంటికి వెళ్లేవాడు. అక్కడ పెద్దలు ఉక్కు కర్మాగారాలను గురించి, రసాయన పరిశ్రమలను గురించి, జలవిద్యుత్తును గురించి మాట్లాడుకునే మాటలు ఆ చెవిన పడుతుండేవి. ఒక పని ఈనాడు తలపెడితే ఇరవై ఏళ్లకు గాని ఫలించదని, అయినా ఈనాడే తలపెట్టాలని ఆ పిల్లవాడికి తెలియకుండానే అక్కడ పాఠం చెప్పినట్లయింది.

ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలోను, రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోను చదివిన తరువాత 1927లో ఆయన కేంబ్రిడ్జికి వెళ్లారు. కొడుకు మెకానికల్ ఇంజనీరై జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో చేరాలని తండ్రి కోరిక. హోమీ మనసు మాత్రం భౌతికశాస్త్రం మీద లగ్నమైంది. ఆ సంగతి ఆయన తండ్రికి ఉత్తరంలో దాపరికం లేకుండా వ్రాశారు. తండ్రి కోపగించుకోలేదు, ముందు ఇంజనీరింగు పరీక్షలో మొదటి శ్రేణి తెచ్చుకుంటే ఆపై గణితం చదివిస్తానన్నారు. 1930లో కొడుకు మొదటి శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. తండ్రి మాట నిలుపుకున్నారు. పిల్లల చదువు విషయంలో తల్లిదండ్రులు ఎలా మెలగాలో తెలిపే ఉదంతమిది. ఆ ఇంజనీరింగు చదువు కూడా వృథా పోలేదు. సిద్ధాంతం తెలిసినవాడికి యంత్రం కూడా తెలియడం వల్లనే తరువాతి కార్యమంతా సాధ్యమయింది.

కేంబ్రిడ్జి రోజులలో ఆయన విశ్వకిరణాలపైన, మూలకణాలపైన పరిశోధనలు చేశారు. ఎలక్ట్రాను, పాజిట్రాను ఒకదానినొకటి తాకి చెదిరే తీరును ఆయన లెక్కగట్టారు. ఆ ప్రక్రియను నేటికీ ప్రపంచమంతటా భాభా పేరుతోనే పిలుస్తున్నారు. విశ్వకిరణాలు వాతావరణంలో ప్రవేశించి కణాల జల్లుగా ఎలా విస్తరిస్తాయో 1937లో హైట్లర్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి వివరించారు.

1939లో సెలవులకు స్వదేశం వచ్చిన భాభా, రెండవ ప్రపంచయుద్ధం మొదలుకావడంతో తిరిగి వెళ్లలేకపోయారు. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సర్ సి.వి. రామన్ సన్నిధిలో చేరి విశ్వకిరణ పరిశోధన విభాగాన్ని నెలకొల్పారు. 1941లో, ముప్పై రెండేళ్లు నిండకముందే, లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. యుద్ధం ముగిశాక విదేశాలలో పెద్ద ఆచార్య పదవులు ఆయనకు అందరాని ఫలాలేమీ కావు. కాని ఇక్కడే ఉండిపోవాలని నిశ్చయించుకున్నారు.

ఆ నిశ్చయానికి సాక్ష్యం 1944 మార్చి 12న దొరాబ్జీ టాటా ట్రస్టు అధ్యక్షునికి ఆయన వ్రాసిన లేఖ. మౌలిక పరిశోధన కోసం ముంబయిలో ఒక ఉన్నత సంస్థ కావాలని కోరుతూ, మరో రెండు దశాబ్దాలలో అణుశక్తితో విద్యుత్తు తీసే రోజు వచ్చినప్పుడు మన దేశం నిపుణుల కోసం పరదేశాల వైపు చూడనవసరం లేకుండా ఇక్కడే వారిని సిద్ధం చేయవచ్చునని అందులో వివరించారు. హిరోషిమాపై బాంబు పడడానికి అప్పటికి ఇంకా పదిహేడు నెలలుంది. ప్రపంచానికి అణువు వినాశనంగా పరిచయం కాకముందే ఆయన దానిని దీపంగా ఊహించారు. 1945లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బెంగుళూరులో ఆరంభమై, ఆ ఏడాదే ముంబయికి తరలివచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం, 1948 ఆగస్టులో, అణుశక్తి సంఘం ఏర్పడింది. దానికి అధ్యక్షుడు భాభా, కె.ఎస్. కృష్ణన్, శాంతిస్వరూప్ భట్నాగర్ సభ్యులు. 1954లో అణుశక్తి శాఖ అవతరించింది. ప్రధాని నెహ్రూ నేరుగా ఆ శాఖను చూసుకునేవారు. అందరూ ఈ ఏర్పాటును మెచ్చుకున్నారని చెప్పలేము. పరిశోధన విశ్వవిద్యాలయాలలో పెరగాలి గాని ఒకే సంస్థలో, రహస్యపు గోడల నడుమ ఒదిగిపోరాదని మేఘనాథ్ సాహా వంటి ఉద్దండులు విమర్శించారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. భాభాకు లభించినంత స్వేచ్ఛ, నిధులు దేశంలోని విశ్వవిద్యాలయాలకు దక్కలేదు.

ఇక ఆయన వేసిన లెక్కను చూద్దాం. మన దేశంలో బొగ్గు ఉన్నది. కాని అది కొన్ని ప్రాంతాలకే పరిమితం, తవ్వినకొద్దీ తరిగిపోతుంది. నదులున్నవి; వాటి శక్తినంతా వినియోగించుకున్నా, సంపన్న దేశాల ప్రజలు వాడినంత విద్యుత్తు మన ప్రజలకు అందదు. కనుక బొగ్గుకు, నీటికి తోడుగా మూడవది ఒకటి కావాలి. జలవిద్యుత్తును తోసిపుచ్చి అణువిద్యుత్తును తెమ్మని ఆయన అనలేదు. రెండూ కలిసినా చాలునా అన్నదే ఆయన ఆలోచన.

అణువిద్యుత్తులోనూ ఒక చిక్కున్నది. మన దేశంలో యురేనియం స్వల్పం. థోరియం మాత్రం సమృద్ధిగా ఉంది. కేరళ, తమిళనాడు, ఆంధ్ర, ఒడిశా తీరాలలోని ఇసుకలో మోనజైటు రూపంలో అది దొరుకుతుంది. కాని థోరియం తనంతట తాను మండే ఇంధనం కాదు. పచ్చికట్టెకు ముందుగా నిప్పు రాజేసినట్లు, దానికి మరొక ఇంధనం తోడు కావాలి. అందుకే భాభా మూడు దశల ప్రణాళికను రూపొందించి 1954లో దేశం ముందుంచారు. మొదటి దశలో సహజ యురేనియంతో, భారజలం సాయంతో రియాక్టర్లు నడపాలి. సహజ యురేనియంలో సులభంగా విచ్ఛిత్తి చెందే భాగం నూటికి 0.7 మాత్రమే, మిగిలిన దానిలో కొంత ప్లుటోనియంగా మారుతుంది. రెండవ దశలో ఆ ప్లుటోనియంతో ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్లు నడుస్తాయి. అవి తాము వాడుకున్న దానికన్నా ఎక్కువ ఇంధనాన్ని తయారు చేయగలవు. చుట్టూ థోరియం పేర్చితే దానిని యురేనియం 233గా మారుస్తాయి. మూడవ దశలో ఆ యురేనియం 233తో థోరియం రియాక్టర్లు తరతరాలు పనిచేస్తాయి. ఒక దశ బూడిద మరొక దశకు విత్తనం కావడమే ఈ ప్రణాళికలోని కిటుకు.

ఆచరణకు ఆయన ముందుగా మనుషులను సిద్ధం చేశారు. ముంబయి శివారున ట్రాంబేలో అణుశక్తి కేంద్రం వెలిసింది. 1956 ఆగస్టు 4న అక్కడ అప్సర రియాక్టరు పనిచేయడం మొదలుపెట్టింది. ఇంధనం బ్రిటన్‌దే అయినా, నిర్మాణం మన ఇంజనీర్లది. దాని నియంత్రణ పరికరాలను తయారుచేసిన ఎలక్ట్రానిక్స్ బృందానికి నాయకుడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు. తరువాత హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సంస్థను తీర్చిదిద్దిన ఎ.ఎస్. రావు ఈయనే. కెనడా సహకారంతో నిర్మించిన సైరస్ రియాక్టరు 1960లో ప్రారంభమయింది. 1957లో నెలకొల్పిన శిక్షణ పాఠశాల దేశం నలుమూలల నుండి యువకులను ఎన్నుకొని తీర్చిదిద్దింది. భాభా ఎన్ని భవనాలు కట్టించినా, ఆయన కట్టిన వాటిలో మేలైనది ఈ బడే.

1955 ఆగస్టులో జెనీవాలో అణుశక్తి శాంతియుత వినియోగంపై ఐక్యరాజ్యసమితి జరిపిన తొలి మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. సూర్యునిలో జరిగే సంలీన ప్రక్రియను మానవుడు రెండు దశాబ్దాలలో వశపరచుకుంటాడని అక్కడ ఆశాభావం వెలిబుచ్చారు. ఆ రెండు దశాబ్దాలు గడిచి ఎన్నో ఏళ్లయినా ఆ ఆశ ఇంకా నెరవేరలేదు.

తొలి అణువిద్యుత్ కేంద్రానికి ముంబయికి ఉత్తరాన సుమారు 100 కిలోమీటర్ల దూరాన సముద్రతీరంలోని తారాపూర్‌ను ఎన్నుకున్నారు. బొగ్గు గనులకు దూరంగా, విద్యుత్తు అవసరానికి దగ్గరగా ఉండడమే అందుకు కారణం. 1963లో అమెరికాతో ఒప్పందం కుదిరింది. రెండవ కేంద్రానికి రాజస్థాన్‌లో చంబల్ నది ఒడ్డున రావత్‌భాటాను నిర్ణయించారు. అక్కడ రాణాప్రతాప్ సాగర్ ఆనకట్ట దగ్గర జలవిద్యుత్ కేంద్రం ఒకవైపు, అదే జలాశయపు నీటితో చల్లబడే అణువిద్యుత్ కేంద్రం మరొకవైపు నేడు చూడవచ్చు.

ఇంత కార్యభారం నడుమ కూడా ఆయన కళాహృదయం వాడిపోలేదు. ఆయన చక్కని చిత్రకారుడు, సంగీతమంటే ప్రాణం. కొలాబాలో టాటా ఇన్‌స్టిట్యూట్ భవనాన్ని చిత్రకళతో నింపారు. అందులో హుస్సేన్ చిత్రించిన పెద్ద కుడ్యచిత్రం ఉంది. కట్టడానికి చెట్టు అడ్డు వస్తే నరకనిచ్చేవారు కారు. వేళ్లతో సహా పెకలించి మరో చోట నాటించేవారు. వివాహం చేసుకోలేదు.

1966 జనవరి 24న ఆయన ప్రయాణిస్తున్న ఎయిర్ ఇండియా విమానం ఆల్ప్స్ పర్వతాలలోని మౌంట్ బ్లాంక్ వద్ద కూలిపోయింది. విమానంలోని 117 మందీ మరణించారు. అప్పటికి భాభా వయసు 56 సంవత్సరాలు. తారాపూర్ దీపం వెలగడం ఆయన చూడలేదు. 1967లో ట్రాంబే కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. 1969 అక్టోబరులో తారాపూర్ విద్యుత్తు జనానికి అందింది.

మహనీయుల జీవితాలు వ్రాసేటప్పుడు పొగడ్తతో ముగించడం రివాజు. భాభా లెక్కల మనిషి గనుక ఆయన లెక్కను కూడా సరిచూడడమే ఆయనకు తగిన గౌరవం. 1980 నాటికి 8,000 మెగావాట్ల అణువిద్యుత్తు సాధ్యమని ఆయన కాలంలో అంచనా. వాస్తవంలో దేశం ఆ మైలురాయిని దాటినది 2024లో. ఆ మార్చి చివరికి సామర్థ్యం 8,180 మెగావాట్లు. 1974లో పోఖ్రాన్ పరీక్ష తరువాత కెనడా, అమెరికాలు సహకారాన్ని ఉపసంహరించుకోవడం ఒక కారణం. అణువిద్యలో దీపానికీ ఆయుధానికీ మధ్య గోడ పలుచనిదని అప్పుడు లోకం గుర్తించింది. తొలి అంచనాలలోనే ఆశ పాలు ఎక్కువ కావడం మరొక కారణం. రెండవ దశకు చెందిన 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరులో ఇంధనం నింపడం కల్పాక్కంలో 2024 మార్చిలో గాని ఆరంభం కాలేదు. అదే కల్పాక్కంలో 1996 నుండి కామిని అనే చిన్న రియాక్టరు థోరియం నుండి పుట్టిన యురేనియం 233తో పనిచేసి, మూడవ దశ కేవలం కల కాదని నిరూపించింది.

మరొక పద్దు కూడా ఉన్నది. వెలుగు ఒకరికి, చీకటి మరొకరికి అయిన సందర్భాలున్నవి. టాటాల జలవిద్యుత్తు కోసం ముల్షీ లోయలో పొలాలు మునిగినప్పుడు 1921లో రైతులు సేనాపతి బాపట్ నాయకత్వంలో సత్యాగ్రహం చేశారు. తారాపూర్ విస్తరణ కోసం అక్కర్‌పట్టి, పోఫరణ్ గ్రామాల ప్రజలు ఇండ్లు విడిచి వెళ్లారు. 1986లో చెర్నోబిల్, 2011లో ఫుకుషిమా ప్రమాదాలు ప్రపంచాన్ని భయపెట్టాయి. వాడిన ఇంధనాన్ని వేల ఏళ్లు భద్రంగా కాపాడవలసిన బాధ్యత రాబోయే తరాలపై ఉంది. సొంత ఊళ్లను విడిచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనకు, ఇల్లు విడిచిన వారి బాధ ఒకరు వివరించి చెప్పనవసరం లేదు.

అయినా భాభా లెక్కకు ఆయన ఊహించని కొత్త విలువ ఈనాడు ఏర్పడింది. ఆయన బొగ్గు తరిగిపోతుందని చింతించారు. బొగ్గు పొగ భూగోళాన్ని వేడెక్కిస్తుందన్నది ఆనాటి లెక్కలో లేదు. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం 2014లో వేసిన గణన ప్రకారం, యంత్రాల తయారీ మొదలు అన్నీ కలుపుకొని ఒక యూనిట్ విద్యుత్తుకు బొగ్గు సుమారు 820 గ్రాముల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన కాలుష్యాన్ని వెలువరిస్తుంది. జలవిద్యుత్తుకు అది 24 గ్రాములు, అణువిద్యుత్తుకు 12, గాలికి 11, పెద్ద సౌర కేంద్రాలకు 48.

2025 జనవరి చివరికి మన దేశపు సౌరవిద్యుత్ సామర్థ్యం లక్ష మెగావాట్లకు చేరింది. ఇది సంతోషించదగిన విషయమే. కాని సూర్యుడు అస్తమించిన తరువాతనే మన ఇండ్లలో దీపాలు వెలిగేది. అణుకేంద్రం రేయింబవళ్లు ఒకే తీరున నడుస్తుంది. కర్ణాటకలోని కైగా మొదటి యూనిట్ 2018 డిసెంబరు 31 వరకు 962 రోజులు ఆగకుండా నడిచి ఆనాటికి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఇక మిగులు విద్యుత్తుతో నీటిని వెనుకకు ఎత్తిపోసి, అవసరమైన వేళ మళ్లీ కిందికి వదిలే పద్ధతి ఉంది. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రాలు ఆరు ఇందుకోసం అమర్చబడి ఉన్నవి. పగటికి సూర్యుడు, సాయంత్రానికి నీరు, అన్నివేళలా అణువు. ఇవి పోటీదారులు కావు, ఒకే బండికి కట్టిన ఎడ్లు. నీటితో అణువును జోడించి లెక్కించిన ఆనాటి ఆలోచనకు సూర్యుడూ గాలీ వచ్చి కలిశాయి.

హైదరాబాదులో 1971లో నెలకొన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ నుండి ఇంధన కడ్డీలు నేటికీ మన రియాక్టర్లకు వెళుతున్నవి. అక్కడి తెలుగు చేతులు పేర్చిన ఇంధనం ఇక్కడి మన బడి దీపంలోనూ పాలుపంచుకుంటున్నదని తలచుకుంటే ఆనందం కలుగుతుంది.

భాభా వేసిన గడువులు తప్పాయి. కాని ఆయన తయారుచేసిన మనుషులు తప్పలేదు. ఇతర దేశాలు తలుపులు మూసినప్పుడు పని ఆగకుండా నడిపినవారు ట్రాంబే శిక్షణ పాఠశాలలో చదువుకున్న వారే. డెబ్బై అయిదేళ్ల క్రితం మన పెద్దలు పరాయిగడ్డపై నాలుగు గదులలో మాతృభాషలో చదువు మొదలుపెట్టినప్పుడు, దాని ఫలితాన్ని తాము పూర్తిగా చూడలేమని వారికీ తెలుసు. ఈ బడిలో నేడు భౌతికశాస్త్రం చదువుతున్న బాలబాలికలలో ఎవరో ఒకరు థోరియం లెక్కను పూర్తి చేయవచ్చు. మరొకరు సూర్యరశ్మిని రాత్రికి దాచే ఉపాయం కనుగొనవచ్చు. ఇంకొకరు ఇల్లు కోల్పోయిన వారికి న్యాయం జరిపించవచ్చు. ఆ ముగ్గురూ మనకు కావాలి. వారిని తీర్చిదిద్దే పని నిర్విఘ్నంగా కొనసాగాలని ఈ జూబ్లీ వేళ ఆకాంక్షిద్దాం.